జ్ఞానదంతము – మత్తుసూది

సాధారణముగా 17 మొదలు 25 సంవత్సరముల వయస్సులో దవడల చివర మొలచు కడపటి దంతములను జ్ఞానదంతములందురు. చాలినంత చోటు లేనప్పుడు ఇవి అడ్డముగనో వంకరగనో పెరుగును; చిగుళ్లు వాచి నోరు తెరచుటయే కష్టమగును. అట్టి దంతమును తీసివేయవలెనని వైద్యుడు చెప్పగనే భయపడి, లవంగనూనె అద్దుకొనుచు, పొగాకు దట్టించుకొనుచు కాలము గడుపువారు కలరు. ఇట్లు జాగుచేయుటవలన ఒక్కొక్కప్పుడు చీము మెడవరకు ప్రాకి ప్రాణాపాయము సైతము కలుగవచ్చును.

నొప్పిని గూర్చిన ఈ భయము నేడు అనవసరము. మత్తుసూది వేసినచో దంతమునుండి మెదడునకు నొప్పిని చేరవేయు నరము కొంతకాలము పనిచేయదు. రోగి మెలకువగనే యుండును. నొక్కుట, లాగుట తెలియును గాని నొప్పి తెలియదు.

ఇందులకు వాడు మందులలో ముఖ్యమైనవి మూడు.

లిడోకెయిన్: 1943లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు నిల్స్ లోఫ్‌గ్రెన్ దీనిని తయారుచేసెను. నూటికి 2 పాళ్ల ద్రావణమునకు కొద్దిగా అడ్రినలిన్ చేర్చి వాడుదురు. అడ్రినలిన్ రక్తనాళములను ముడుచుకొనజేయుటచే రక్తస్రావము తగ్గును, మందు ఎక్కువసేపు నిలుచును. దంతమునకు సుమారు 1 గంట, పెదవికి 3 మొదలు 5 గంటలు తిమ్మిరి యుండును.

ఆర్టికెయిన్: 1976లో జర్మనీలో వాడుకలోనికి వచ్చెను. ఇది నూటికి 4 పాళ్ల ద్రావణము. ఎముకలోనికి బాగుగా ఇంకును. తిమ్మిరి నిలుచు కాలము ఇంచుమించు లిడోకెయిన్ వలెనే యుండును.

బుపివకెయిన్: నిదానముగా పనిచేయ నారంభించును గాని పెదవి తిమ్మిరి 8 గంటలవరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. శస్త్రచికిత్స తరువాతి నొప్పిని అణచుటకు ఇది మేలు. అయితే తిమ్మిరెక్కిన పెదవిని తెలియక కొరుకుకొను ప్రమాదమున్నందున చిన్నపిల్లలకు సాధారణముగా వాడరు.

ఈ మూడింటిలో అందరికిని ఒక్కటే ఉత్తమమని చెప్పుటకు వీలులేదు. రోగి ఆరోగ్యమును, శస్త్రచికిత్సకు పట్టు కాలమును బట్టి వైద్యుడు నిర్ణయించును. కావున గుండెజబ్బు, రక్తపుపోటు, కాలేయవ్యాధి, గర్భము, వాడుచున్న మందులు, పూర్వము సూది పడకపోవుట – వీనిలో ఏది యున్నను దాచక చెప్పవలెను. మరియొక సంగతి. చీముపట్టి వాచిన చోట ఏ మందైనను సరిగా పనిచేయదు. వాపు ముదురకమునుపే పోయినచో సూది చక్కగా పనిచేయును.

తిమ్మిరి వదలువరకు వేడి పదార్థములు పుచ్చుకొనరాదు; పెదవిని, నాలుకను కొరుకుకొనకుండ చూచుకొనవలెను. వైద్యుడిచ్చిన నొప్పిమాత్రను తిమ్మిరి పూర్తిగా వదలకమునుపే వేసికొనుట మంచిది. బీడీ, చుట్ట త్రాగినచో గాయము త్వరగా మానదు. మరునాటికిని తిమ్మిరి వదలనిచో వైద్యునకు తెలుపవలెను.

సంతలో పన్ను పీకువారికి నోటిని అప్పగింపక, దంతవైద్యుడున్న ఆసుపత్రికి సకాలమున పోవుటయే క్షేమము.