నీళ్లు లేని జాబితా

కొండలెక్కేవాళ్లు వెంట ఉంచుకోవాల్సిన పది వస్తువుల జాబితా ఒకటి ప్రపంచమంతా చెలామణిలో ఉంది. అమెరికాలోని సియాటిల్ పర్వతారోహకుల సంఘం ‘ది మౌంటెనీర్స్’ దాన్ని 1930లలో తయారుచేసి, 1974లో తన పాఠ్యగ్రంథంలో అచ్చువేసింది. మ్యాపు, దిక్సూచి, చలువ కళ్లద్దాలు, అదనపు బట్టలు, టార్చి, ప్రథమ చికిత్స సామాను, నిప్పు రాజేసే సరంజామా, అగ్గిపెట్టె, చాకు, అదనపు తిండి. నీళ్ల ఊసే లేదు. మంచు కరిగి వాగులు పారే కొండల్లో ఆ లోటు ఎవరికీ తట్టి ఉండదు. 2003లో జాబితాను తిరగరాసినప్పుడు నీళ్లకూ చోటిచ్చారు. అదే జాబితా అనంతపురంలో పుట్టి ఉంటే నీళ్ల తర్వాతే మిగతావన్నీ. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోటలెక్కడానికి సెలవురోజుల్లో వచ్చేవాళ్లకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే సంచి ఒకటి కావాలి. అయితే అది ఇక్కడి ఎండను చూసి కట్టుకున్నదై ఉండాలి.

నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పుతీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతాయి. అందుకే ఇక్కడ ఏడాది వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, దేశ సగటులో సగం కూడా లేదు. పెన్నాలోనూ చిత్రావతిలోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు కనబడేది ఇసుకే. గుత్తి కోట మైదానం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు. పగలంతా కాగిన బండ పొద్దుగుంకాక కూడా సెగ కక్కుతుంది. మండుటెండలో ఎక్కే మనిషికి గంటకు లీటరు చెమట పోవడం వింతేమీ కాదు. పూటంతా నడవాలంటే మనిషికి మూడు లీటర్లయినా కావాలి. అంటే వీపు మీద మూడు కిలోలు నీళ్లవే. కాబట్టి మిగిలినవన్నీ తేలిగ్గా ఉండక తప్పదు: తలకు చుట్టుకునే తుండు, టార్చి, విజిల్, గాజుగుడ్డ, రోజూ వేసుకునే మాత్రలు, పిడికెడు వేయించిన బుడ్డలు, ఒక బెల్లం ముక్క, ఓఆర్‌ఎస్ పొట్లాలు.

ఆ పొట్లం దగ్గర కాస్త ఆగాలి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలైలో సీడెడ్ జిల్లాల్లో వీడ్కోలు పర్యటన చేస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట పూడ్చింది గుత్తిలోనే. గవర్నరు విడిది అంటే డేరాలు, నౌకర్లు, దేనికీ కొరత ఉండని ఏర్పాటు. లేనిదల్లా ఉప్పూ చక్కెరా సరైన పాళ్లలో కలిపిన నీళ్లు ఒంట్లోకి ఇట్టే ఇంకుతాయన్న ఎరుక. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణంతోనే కలరా చావులను బాగా తగ్గించగలిగారు. ఎండలో చెమటతో పాటు ఉప్పూ పోతుంది. గంటల తరబడి వట్టి నీళ్లే తాగితే ఆ లోటు తీరదు. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు.

కావాల్సినవి మాత్రమే తేలిగ్గా వెంట ఉంచుకునే పద్ధతి ఇక్కడ కొత్తదేం కాదు. మందలతో ఊళ్లు దాటిపోయే కురుబ కాపరి సామాను చూస్తే తెలుస్తుంది. ముతక ఉన్ని కంబళికి చింతగింజల గంజి పట్టిస్తే అది తొందరగా తడవదు. వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక అన్నీ అదే. చేతిలో కర్ర, మూటలో సంగటి, నీళ్ల క్యాను. అయితే కాపరిని చూసి తక్కువ మోయొచ్చనుకోవడం పొరపాటు. ఏ బావిలో నీళ్లున్నాయో, ఏ వంకలో చెలమ తీస్తే ఊరుతుందో అతనికి తెలుసు. అది తెలియని పట్నపు మనిషి ఆ తెలివికి బదులుగా బరువు మోయాల్సిందే.

ఫోనుంటే చాలదా అంటారు. 108కి ఫోను చేయొచ్చు, నిజమే. గుట్టల మధ్య సిగ్నలు దొరికితే, చార్జింగు మిగిలితే. దొరికినా అంబులెన్సు ఆగేది కొండ కింద. అక్కడిదాకా మనిషిని దించాల్సింది తోటివాళ్లే. పాముకాటుకు మందు సంచిలో పెట్టుకోలేం, ఆసుపత్రికే పోవాలి. కాటు పడకుండా అడుగు చూపించే టార్చిని మాత్రం పెట్టుకోగలం. రోడ్డు పక్క అన్నీ అమ్ముతారుగా అనేది ఇంకో మాట. రోడ్డు మీద అమ్ముతారు, కోట బురుజు మీద అమ్మరు.

బయల్దేరే రోజు సర్దుకుంటే పోదా అన్నదాంట్లో కొంత న్యాయముంది. మూలన పడేసిన సంచిలో బ్యాటరీలు కారిపోతాయి, మందుల తేదీ దాటిపోతుంది. కానీ తెల్లారుజామున నాలుగింటికి, కింద స్నేహితులు హారను కొడుతుంటే సర్దే సంచిలో కెమెరా చార్జరు ఉంటుంది, టార్చి ఉండదు. అందుకే పాడయ్యేవాటిని వేరే చిన్న సంచిలో వేసి పైన పెట్టుకోవాలి. ఉగాదికోసారి, దసరాకోసారి దాన్ని విప్పి తేదీలు చూసి, బ్యాటరీలు మార్చి, కొత్త బుడ్డలు పోసుకుంటే సరిపోతుంది. నీళ్లు మాత్రం ఏ పొద్దువి ఆ పొద్దే పట్టుకోవాలి.