నలుగురు కట్టిన పాటకు హక్కుదారు ఎవరు?

సియాటిల్ అనగానే తెలుగు పాఠకులకు మైక్రోసాఫ్ట్ సంస్థ, బోయింగ్ విమానాలు, అక్కడ స్థిరపడిన మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గుర్తుకు రావడం సహజం. అమెరికా వాయవ్య కోణంలోని ఆ నగరం 1990వ దశకంలో మరొక సరుకును కూడా ప్రపంచానికి ఎగుమతి చేసింది. అది రాక్ సంగీతం. అక్కడి కొత్త బాణీని మొట్టమొదట పెద్ద రికార్డింగ్ కంపెనీ గడప ఎక్కించిన వాద్యబృందం ‘సౌండ్‌గార్డెన్’. కేరళ నుంచి అమెరికాకు వలస వెళ్లిన దంపతుల కుమారుడు కిమ్ థాయిల్ ఈ బృందం వ్యవస్థాపకుల్లో ఒకరు.

1984లో మొదలైన ఈ బృందానికి 2025 నవంబరులో ‘రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్’లో స్థానం లభించింది. అయితే ఆ గౌరవం దక్కడానికి ముందు బృంద సభ్యులు, మరణించిన తమ గాయకుని భార్య మూడేళ్లకు పైగా న్యాయస్థానంలో ప్రత్యర్థులుగా నిలవాల్సి వచ్చింది. కలిసి పాట కట్టిన వారిలో ఒకరు కన్నుమూస్తే మిగిలిన పాటలు ఎవరి ఆస్తి అన్నదే ఆ వివాద సారాంశం. ఈ ప్రశ్న అమెరికాకు మాత్రమే పరిమితమైనది కాదు.

గాలి వాయించే గొట్టాలు

సినిమా రంగంలో సమాంతర చిత్రాలు ఎలాంటివో, రాక్ సంగీతంలో ‘ఆల్టర్నేటివ్ రాక్’ అలాంటిది. పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా చిన్న సంస్థల ద్వారా రికార్డులు వెలువరించడం, కళాశాలల రేడియో కేంద్రాల ద్వారా శ్రోతలను చేరడం 1980వ దశకంలో ఈ బృందాలు అనుసరించిన మార్గం.

సియాటిల్‌లోనే పుట్టిన థాయిల్ షికాగో శివారు పట్టణమైన పార్క్ ఫారెస్ట్‌లో పెరిగారు. తిరిగి సియాటిల్ చేరి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం అభ్యసించారు. జపాన్ మూలాలున్న మిత్రుడు హిరో యమమోటో, స్థానిక యువకుడు క్రిస్ కార్నెల్ ఆయనతో జతకలిశారు. థాయిల్ గిటారు, యమమోటో బేస్ గిటారు వాయించగా, కార్నెల్ తొలి రోజుల్లో డ్రమ్ములు వాయిస్తూనే పాడేవారు. 1986లో మాట్ కామెరాన్ డ్రమ్ముల బాధ్యత స్వీకరించడంతో నలుగురి బృందం స్థిరపడింది. సియాటిల్‌లోని ఒక సరస్సు ఒడ్డున, గాలి వీచినప్పుడు ఊళ వేసే లోహపు గొట్టాలతో నిర్మించిన ఒక శిల్పం ఉంది. ఆ శిల్పం పేరునే వీరు తమ బృందానికి పెట్టుకున్నారు.

20 వేల డాలర్ల పెట్టుబడి

కంపెనీ లేనిదే రికార్డు లేదు, రికార్డు లేనిదే కంపెనీ చూడదు. కొత్త బృందాలన్నింటికీ ఎదురయ్యే ఈ చిక్కుముడిని సియాటిల్ యువకులు తమలో తామే విప్పుకున్నారు. పార్క్ ఫారెస్ట్ నుంచే వచ్చిన బ్రూస్ పావిట్ ‘సబ్ పాప్’ పేరిట చిన్న రికార్డుల వ్యాపారం ప్రారంభించారు. విశ్వవిద్యాలయ రేడియోలో వ్యాఖ్యాతగా ఉన్న జొనాథన్ పోన్‌మన్ ఈ బృందం రికార్డుకు డబ్బు పెట్టేందుకు ముందుకు రాగా, ఆయనను పావిట్‌తో కలిపింది థాయిల్ కావడం విశేషం. పోన్‌మన్ పెట్టిన 20 వేల డాలర్ల పెట్టుబడితో 1987లో ‘స్క్రీమింగ్ లైఫ్’ వెలువడింది. రెండేళ్లకు ఇదే సబ్ పాప్ సంస్థ ‘నిర్వాణ’ బృందం తొలి ఆల్బంను కూడా విడుదల చేసింది.

1988లో మరో స్వతంత్ర సంస్థ ద్వారా తొలి పూర్తిస్థాయి ఆల్బం వెలువరించిన సౌండ్‌గార్డెన్, 1989లో ‘ఏ అండ్ ఎం’ వంటి పెద్ద కంపెనీ ద్వారా ‘లౌడర్ దాన్ లవ్’ విడుదల చేసింది. పెద్ద కంపెనీతో ఒప్పందం అంటే దేశమంతటా పంపిణీ, ప్రచారం, స్టూడియో ఖర్చులకు ముందస్తు సొమ్ము. కాగా, ఆ సొమ్మును సాధారణంగా కళాకారుల రాయల్టీ నుంచే మినహాయించుకుంటారు. ముద్రితమైన పాటల మూల టేపులు కూడా చాలా ఒప్పందాలలో కంపెనీ సొత్తుగానే ఉంటాయి. 1989లోనే ఏ అండ్ ఎం కంపెనీని పాలీగ్రామ్ సంస్థ సుమారు 50 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 1998లో పాలీగ్రామ్ సైతం చేతులు మారి యూనివర్సల్ సంగీత సంస్థలో విలీనమైంది. పాట కట్టిన వారి ప్రమేయం లేకుండానే పాటల యజమాని ఇలా మారుతూ వచ్చాడు.

అగ్రస్థానం

యమమోటో 1989లో బృందాన్ని వీడగా, కొద్దికాలానికి బెన్ షెపర్డ్ ఆ స్థానంలోకి వచ్చారు. 1991లో వెలువడిన ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’తో బృందానికి గుర్తింపు పెరిగింది. అదే సంవత్సరం నిర్వాణ, పెర్ల్ జామ్ బృందాల ఆల్బంలు సంచలనం సృష్టించడంతో పెద్ద కంపెనీల దృష్టి అంతా సియాటిల్‌పైకి మళ్లింది.

1994 మార్చిలో విడుదలైన ‘సూపర్‌అన్‌నోన్’ తొలి వారంలోనే 3 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై అమెరికా ఆల్బంల పట్టికలో నేరుగా అగ్రస్థానంలో నిలిచింది. కాలక్రమంలో అమెరికాలోనే దాని ప్రతులు 50 లక్షలు దాటాయి. అందులోని ‘బ్లాక్ హోల్ సన్’, ‘స్పూన్‌మన్’ పాటలకు 1995లో రెండు గ్రామీ పురస్కారాలు లభించాయి. చెంచాలతో తాళం వేసే సియాటిల్ వీధి కళాకారుడు ఒకరు ‘స్పూన్‌మన్’కు ప్రేరణ కాగా, ఆ పాటలో ఆయన చేతనే చెంచాలు వాయింపజేయడం గమనార్హం.

సాధారణంగా రాక్ పాటలు నాలుగు దెబ్బల నడకలో సాగుతాయి. ఈ బృందం మాత్రం పలు పాటలను ఏడు దెబ్బల లెక్కలో కట్టింది. కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు ఎరిగిన శ్రోతకు ఏడు లెక్క వింత గొలపదు. అమెరికా రేడియో శ్రోతకు మాత్రం అది కొత్త.

వీడిన బృందం, మిగిలిన పాటలు

1996లో మరో ఆల్బం వెలువరించి, 1997 ఏప్రిల్‌లో బృందం విడిపోయింది. కార్నెల్ అనంతరం ‘ఆడియోస్లేవ్’ బృందానికి గాయకుడయ్యారు. కామెరాన్ పెర్ల్ జామ్‌లో చేరారు. 13 ఏళ్ల విరామం తర్వాత 2010లో తిరిగి కలిసిన నలుగురూ 2012లో ‘కింగ్ యానిమల్’ ఆల్బం విడుదల చేశారు. మరో ఆల్బం సన్నాహాల్లో ఉండగా 2017 మే 17 రాత్రి డెట్రాయిట్‌లో కచేరీ ముగించుకున్న కార్నెల్ కొద్ది గంటలకే మరణించారు. అది ఆత్మహత్య అని అక్కడి వైద్యాధికారి నిర్ధారించారు. ఆయన వయస్సు 52 సంవత్సరాలు.

కార్నెల్ కంఠంతో ముద్రితమై, విడుదల కాని ఏడు పాటలు మిగిలాయి. వాటి యాజమాన్యం, రాయల్టీ చెల్లింపులపై కార్నెల్ భార్య విక్కీ కార్నెల్ 2019 డిసెంబరులో ఫెడరల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ ముద్రణలు ఫ్లోరిడాలోని సొంత స్టూడియోలో తన భర్త చేసుకున్నవని ఆమె వాదించారు. అవి సభ్యులందరూ కలిసి కొత్త ఆల్బం కోసం కట్టిన పాటలని బృందం ప్రతివాదన చేసింది. బృందంలో భర్త వాటాకు 3 లక్షల డాలర్ల కంటే తక్కువ వెల కట్టారని 2021లో వేసిన మరో దావాలో ఆమె ఆరోపించారు. మిగిలిన సభ్యుల వాటాలకు తాను 2 కోట్ల 10 లక్షల డాలర్ల వరకు ఇవ్వజూపినా వారు నిరాకరించారని ఆ దావాలో పేర్కొన్నారు. ఒకే బృందంలోని వాటాల విలువపై ఇరుపక్షాలూ చెప్పిన లెక్కల మధ్య ఉన్న ఈ అంతరమే సంగీత వ్యాపారంలోని అనిశ్చితికి నిదర్శనం.

2023 ఏప్రిల్‌లో ఇరుపక్షాలూ సామరస్యంగా రాజీకి వచ్చినట్లు ప్రకటించాయి. చివరి పాటలు అభిమానులకు చేరేందుకు ఈ ఒప్పందం వీలు కల్పిస్తుందని ఆ సంయుక్త ప్రకటన పేర్కొంది. ఒప్పందంలోని ఆర్థిక షరతులు వెల్లడి కాలేదు.

ముందే పంచుకున్న వారు

ఇదే తరానికి చెందిన మరో ఆల్టర్నేటివ్ రాక్ బృందం ‘ఆర్.ఈ.ఎం.’ అనుభవం ఇందుకు భిన్నమైనది. 1980లో జార్జియా రాష్ట్రంలో ఏర్పడిన ఆ బృందంలో పాట ఎవరి ఊహలో పుట్టినా రచయితలుగా నలుగురి పేర్లూ వేసుకోవడం, ఆదాయాన్ని సమానంగా పంచుకోవడం తొలి నుంచీ నియమం. 1997లో డ్రమ్ముల కళాకారుడు తప్పుకున్నా, 2011లో బృందమే రద్దయినా వాటాల విషయమై వారు కోర్టుకు ఎక్కలేదు. సౌండ్‌గార్డెన్‌లో మాత్రం ఏ పాట ఎవరు కడితే వారి పేరే వేసే పద్ధతి ఉండేది. ప్రతిభకు న్యాయం చేసే పద్ధతే అయినప్పటికీ, సగంలో ఆగిన పాట విషయంలో అది సమాధానం చెప్పలేకపోయింది.

మన చట్టం

పుదుచ్చేరి శివారు రెడ్డియార్‌పాళయంలోనో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో నలుగురు మిత్రులు గిటార్లు, డ్రమ్ములు సమకూర్చుకొని బృందంగా ఏర్పడితే వారికీ ఈ ప్రశ్న తప్పదు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఒకే పాటలో మూడు వేర్వేరు హక్కులు ఇమిడి ఉంటాయి. సాహిత్యానికి గీత రచయిత, బాణీకి స్వరకర్త, ముద్రణకు దాని నిర్మాత కర్తలవుతారు. సాహిత్యం, బాణీలపై హక్కు కర్త జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఉమ్మడి రచన అయితే అందరికంటే చివర మరణించిన కర్త నుంచి ఆ గడువును లెక్కిస్తారు. ధ్వనిముద్రణకు విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది.

2012లో జరిగిన సవరణ మరో రక్షణ కల్పించింది. ముద్రణలో చేరిన సాహిత్యం, బాణీలపై కర్తలకు రావలసిన సమాన రాయల్టీ వాటాను ఒప్పందం ద్వారా వదులుకోవడం చెల్లదు. వారసులకు, హక్కుల సంఘాలకు మాత్రమే దానిని బదలాయించవచ్చు. కంపెనీతో పేచీ వచ్చినప్పుడు ఈ సవరణ అండగా నిలుస్తుంది. సభ్యుల మధ్యనే పేచీ వస్తే మాత్రం వారి మధ్య ఉన్న ఒప్పందమే ఆధారం. బృందం భాగస్వామ్య సంస్థగా నడుస్తుంటే 1932 నాటి భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు ఒక భాగస్వామి మరణంతో సంస్థే రద్దవుతుందని ఆ చట్టం చెబుతోంది.

పేరు ఎవరిది, ముద్రణల ప్రతులు ఎవరి వద్ద ఉండాలి, సభ్యుడు తప్పుకుంటే లేదా మరణిస్తే అతని వాటాకు వెల ఎలా కట్టాలి అన్న మూడు అంశాలను తొలి కచేరీకి ముందే కాగితంపై పెట్టుకోవడానికి ఒక సాయంకాలం సరిపోతుంది. సౌండ్‌గార్డెన్ సభ్యులకు, కార్నెల్ కుటుంబానికి మూడేళ్ల నాలుగు నెలల కాలం కోర్టుల పాలైంది. ఆ కాలమంతా ఏడు పాటలు శ్రోతలకు అందకుండానే ఉండిపోయాయి.