ముక్కలుగా కట్టు రైలుదారి

పిల్లల కొరకు ఇంటిలో బొమ్మ రైలుదారి అమర్చవలెనని అనేకమంది తండ్రులకు ఆశ. అయితే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో మన కుటుంబములు చాలా వరకు అద్దె ఇండ్లలోనే కాపురముండును. ఒకే పెద్ద బల్ల మీద కట్టిన రైలుదారి ఆ గుమ్మములలో పట్టదు. ఇల్లు మారిన నాడు దానిని విరిచివేయవలసినదే. పిల్లవాని వేసవి కష్టమంతయు వ్యర్థమగును. అందుచేత మొదటి నుండియు ముక్కలుగా కట్టుట మేలు.

ఇందుకు మంచి మాదిరి ఆ వీధులలోనే మన తలపైన ఉన్నది. మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ పోవు మెట్రో దారిలో అమీర్‌పేట, ఎల్.బి.నగర్‌ల మధ్య భాగము 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. స్తంభముల మీది వంతెనకు కావలసిన కాంక్రీటు ముక్కలను వేరొక చోట పోత పోసి, పెద్ద లారీల మీద తెచ్చి, పైకెత్తి వరుసగా చేర్చి, ఉక్కు తీగలతో బిగించిరి. ఇట్టి పనిలో ఒక కిటుకు గలదు. కొత్త ముక్కను అంతకుముందరి ముక్క అంచునకు ఆనించి పోయుదురు. అందువలన పైన చేర్చినప్పుడు రెండును సరిగా కలియును.

బొమ్మ రైలుకును ఇదే సూత్రము. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల ప్లైవుడ్ పలకలు తీసికొని, క్రింద రీపర్లతో చట్రము కట్టించుడి. రెండు చట్రముల అంచులను కలిపి పట్టి, ఒకేసారి రంధ్రములు వేసి, బోల్టులతో బిగించుడి. తరువాత రెండింటి మీదుగా ఒకే పట్టా పరచి, అతుకునకు ఇరువైపుల గట్టిగా బిగించి, సరిగా సందు మీద సన్నని రంపముతో కోయుడి. విడదీసి ఎన్నిసార్లు కలిపినను పట్టాలు ఎదురెదురుగా నిలుచును. విద్యుత్తుతో నడచు రైలైనచో ప్రతి పలక క్రింద ఒకే రంగుల తీగలు, ఒకే విధమైన ప్లగ్గులు ఉండవలెను. దుకాణములో దొరకు బ్యాటరీ రైలుకు కోయు పని లేదు. అతుకు మీది పట్టా ముక్కను ఊడదీసిన చాలును.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1973లో ఎన్-ట్రాక్ అను పద్ధతి మొదలైనది. అందులో పట్టాల మధ్య వెడల్పు 9 మిల్లీమీటర్లు మాత్రమే. పలకల ఎత్తు, అంచు నుండి పట్టాలకు గల దూరము ముందుగా నిర్ణయించిరి. ఆ కొలతలు పాటించినచో ఎవరి పలకయైనను ఎవరి పలకతోనైనను కలియును. అంచుల నడుమ ఏ ఊరు కట్టవలెనో వారి వారి ఇష్టము.

ఈ సంగతి పల్లెలోని మన కుటుంబములకు ఎంతో ఉపయోగము. సూర్యాపేట వైపు నుండి వచ్చు బస్సులు ఎల్.బి.నగర్ మీదుగానే నగరములో ప్రవేశించును. పల్లెలో తాతయ్య వడ్రంగి చేత ఒక పలక చేయించి, చెరువును, తాటిచెట్లను అమర్చవచ్చును. నగరములో మనుమడు మెట్రో స్టేషను కట్టవచ్చును. సెలవులలో రెండును కలిపినచో రైలు తాతయ్య ఊరికి పోయి రాగలదు.

మా సలహా ఒక్కటే. మొదట అంచు కొలతను, రంధ్రముల స్థానములను, పట్టా చోటును గట్టి అట్ట మీద గీసి, కత్తిరించి, అట్టివే రెండు సిద్ధపరచుడి. ఒకటి మీయొద్ద ఉంచుకొని, రెండవది ఊరికి పంపుడి.