గోడ మళ్ళీ కట్టుకునే కణం

మొక్కజొన్న కంకిలో పీచుకొక గింజ. పీచుమీద పడిన పుప్పొడి రేణువు సన్నని నాళమై జానెడు దూరం సాగితేనే మా ఇంట్లో గాదె నిండేది.

ఆ నాళానికి కణకవచం ఎంత అవసరమో మొన్న ప్రాక్టికల్స్‌లో తెలిసొచ్చింది. బిళ్ళగన్నేరు పుప్పొడి పంచదార ద్రావణంలో చక్కగా నాళాలు వేసింది. నేను పొరపాటున దానిమీద వట్టి నీళ్ళ చుక్క వేశాను. కొనలు టప్పున పగిలాయి. కొన దగ్గర గోడ పల్చన మరి!

ఆ గోడ మొత్తం తీసేస్తే? 1960లో ఇంగ్లండులో కాకింగ్ అనే శాస్త్రజ్ఞుడు టొమాటో వేరుకణాల గోడను, బూజునుంచి తీసిన సెల్యులేజ్ ఎంజైముతో కరిగించాడు. మిగిలిన గోడలేని కణమే ప్రోటోప్లాస్టు. పుప్పొడి నాళాలనుంచి కూడా వీటిని తీస్తారు. మానిటాల్ వంటిది కలిపిన ద్రావణంలో ఉంచకపోతే వాటి గతీ నా స్లైడు గతే. ఉంచితే మాత్రం అవి ఊరుకోవు. పైపొరలోని ఎంజైములు గ్లూకోజును గొలుసులుగా అల్లి బయట పేరుస్తాయి. ఆకు కణానిది ముఖ్యంగా సెల్యులోజ్ గోడ. పుప్పొడి నాళంలో కాలోజ్‌దే పైచేయి. అనిలిన్ బ్లూ వేసి అతినీలలోహిత కాంతిలో చూస్తే కాలోజ్ పసుపుపచ్చగా మెరుస్తుంది.

గోడ కట్టుకున్న ఆకు కణం విభజన చెంది మొక్కే కాగలదు. 1971లో పొగాకులో ఇది రుజువైంది. పుప్పొడి నాళపు కణం మామూలుగా ఇక విభజన చెందదు. సెలవుల్లో ఇదంతా చెబితే నాన్న, "మొలవని చేనుకి గట్టెందుకురా?" అన్నాడు.

"వానకి పగలకుండా నాన్నా" అన్నాను.