కల్లములో వినబడిన ప్రశ్న

ఆర్థిక విధానములును, దేశ రాజకీయములును పురుషుల రచ్చబండకు జెందిన ముచ్చటలని మన యిండ్లలో నేటికిని గొందఱు తలంచుచున్నారు. ఢిల్లీలో నిర్ణయమగు ధరలతో వంటయింటి పొయ్యికేమి పనియని వారి వాదము. దీనికి సమాధానము గ్రంథములలో వెదుకనక్కఱలేదు. మాఘమాసమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలోని యే మిరప కల్లమునకు బోయినను దొరకును.

మేమొకనాడు పెదనందిపాడు ప్రాంతమున, నల్లరేగడి చేల నడుమనున్న యొక గ్రామమునకు బోయితిమి. పట్టలమీద నెఱ్ఱనికాయ యెండుచుండెను. పదిమంది స్త్రీలు కూర్చుండి తాలుకాయను వేఱుచేయుచుండిరి. ఆ యింటి యిల్లాలు మాకు మజ్జిగ యిచ్చి యిట్లడిగెను: “అమ్మా, మాకు నాలుగెకరాలు. రెండింట్లో పత్తి, రెండింట్లో మిరప. పత్తికి సర్కారు ముందే ఒక ధర చెపుతుంది. మిరపకెందుకు చెప్పదు? రెండూ మా చెమటేగా?”

ఆమె యెఱుగకయే దేశపు ఆర్థిక విధానములోని ముఖ్యప్రశ్న నడిగినది.

1965లో వ్యవసాయ ధరల సంఘ మేర్పడినది. నాటినుండి క్రమముగా పెరిగి, నేడు ఇరువదికి పైగా పంటలకు కేంద్ర ప్రభుత్వము కనీస మద్దతు ధరను ప్రకటించుచున్నది. 2025-26 సంవత్సరమునకు పొడవు పింజ ప్రత్తికి క్వింటాలు 1కి 8,110 రూపాయలుగా నిర్ణయించిరి. బజారులో ధర తగ్గినచో భారత ప్రత్తి సంస్థ కొనవలెను. అయితే యీ మాటకును షరతులున్నవి. ప్రత్తిలో తేమ నూటికి 12 వంతులు మించరాదు. 2025లో ‘కపాస్ కిసాన్’ అను ఫోను యాప్‌లో ముందుగా పేరు నమోదు చేసికొనవలసి వచ్చెను. తుపాను వానకు దడిసిన ప్రత్తిని ఇంటి వసారాలో నారబెట్టుకొను ఇల్లాలికి ఆ 12 అంకె యెంత బరువో వేఱుగ జెప్పనక్కఱలేదు.

మిరప యా పట్టికలోనే లేదు. 2021-22లో నల్ల తామరపురుగు తోటలను మాడ్చివేసెను. పంట తగ్గగా ధర పెరిగెను. ఆ ధర జూచి రైతులు మరల మిరపవైపు మొగ్గిరి. 2025 ఆరంభమున గుంటూరు యార్డులో ధర కూలిపోయెను. అప్పుడు, ఫిబ్రవరి నెలలో, కేంద్రము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించినది. ఇది మేలే. కాని విత్తుటకు ముందు చెప్పెడి ధర వేఱు, మునిగిన పిదప విసరెడి త్రాడు వేఱు.

ప్రభుత్వము పక్షమునను న్యాయము లేకపోలేదు. మిరపలో రకములనేకము. రంగును, కారమును బట్టి ధర మాఱును. శీతల గిడ్డంగులు కావలెను. చైనా, బంగ్లాదేశము మొదలగు దేశములు కొనుటయు, మానుటయు మన చేతిలో లేదు. పైగా ఎండుమిరప ధర పెరిగినచో పట్టణములోని యిల్లాలు ఆవకాయ పెట్టునప్పుడు నిట్టూర్చును. ప్రత్తియు నట్లే. 2025 ఆగస్టు 19 మొదలు డిసెంబరు 31 వఱకు విదేశపు ప్రత్తిపై నూటికి 11 వంతుల సుంకమును తొలగించిరి. మిల్లులకును, వానిలో పనిచేయు స్త్రీలకును అది యూరట. ఇచ్చటి రైతుకు మాత్రము దూది చేతికివచ్చు వేళనే పోటీ. ఒకరి మేలు మఱియొకరి కీడగుచోట నెవరి మాట వినవలెను? రాజకీయమనగా నిదియే.

ఇంతవఱకు మాటలాడని యొక కూలిస్త్రీ తలయెత్తి, “ధర పడ్డ ఏడు కూలి తగ్గించమంటారు. పెరిగిన ఏడు పెంచమంటే మాత్రం వినబడదు” అనెను. ఇల్లాలు నవ్వి తలవంచుకొనెను. 1976లో స్త్రీపురుషులకు సమాన వేతన చట్టము వచ్చినది. కాని యా చట్టము కల్లము గట్టుదాటి లోనికి వచ్చినట్లు మాకు దోచలేదు. రైతు స్త్రీ ప్రభుత్వము నడుగు న్యాయమునే, కూలిస్త్రీ రైతు నడుగుచున్నది.

ఈ నేల కిట్టి ప్రశ్నలు క్రొత్తవి కావు. 1922లో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టమని నిలిచిరి. గ్రామోద్యోగులనేకులు కొలువులు వదలిరి. ఆనాటి సామాన్యునికి శిస్తు నిరాకరించుటయే యభిప్రాయము దెలుపు మార్గము. 1921లో మదరాసు రాజధానిలో స్త్రీలకు వోటు వచ్చినను, ఆస్తిగల కొలదిమందికే పరిమితమయ్యెను. 1951-52 ఎన్నికలనుండి కల్లములోని కూలిస్త్రీకిని, మేడలోని గృహిణికిని వోటొక్కటే.

కావున సోదరీమణులారా, వోటడుగ వచ్చినవారిని మూడు సంగతులడుగుడు. మిరపకు విత్తనము కొనకముందే యొక నమ్మకమైన ధర చెప్పుదురా? పట్టా తన పేర లేకున్నను సేద్యముచేయు స్త్రీని రైతుగా లెక్కింతురా? సమాన కూలిని కాగితమునుండి చేనికి దెత్తురా? వారేమి తెత్తురని కాక, ఏమి చేయుదురని యడుగుడు. సమాధానమును చాకలిపద్దు ప్రక్కనే వ్రాసియుంచి, అయిదేండ్లకు సరిచూడుడు.

మూడవ ప్రశ్నను మాత్రము మన కల్లములలో మనలను మనమే యడుగుకొనవలెను. మేము లేచునప్పటికి ఇల్లాలు కూలిస్త్రీ ప్రక్కన గూర్చుండి, ఆమె గంపలోని తాలుకాయ నేరుచుండెను.