'డూలాలీ'... మన దేవ్‌లాలీయే!

లండన్‌లో ఓ పెద్దాయన కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాడనుకోండి. 'డూలాలీ అయిపోయాడు' అని నవ్వేస్తారు ఇంట్లోవాళ్లు. 'మతి తప్పింది' అని సరదాగా అనడానికి బ్రిటన్‌లో వాడే విశేషణమది. వినడానికి లాలిపాటలా ఉండే ఈ మాట పుట్టింది మాత్రం అక్కడ కాదు... మహారాష్ట్రలో, నాసిక్ పక్కనున్న దేవ్‌లాలీలో!

ఆంగ్లేయులు 1861లో అక్కడ సైనిక శిబిరం పెట్టారు. కొలువు ముగించుకున్న తెల్లసిపాయిలు బొంబాయిలో ఓడెక్కేముందు మకాం వేసేది అక్కడే. చిక్కల్లా ఏంటంటే, సైనికుల్ని చేరవేసే ఓడలు చలికాలంలోనే తిరిగేవి. ఆఖరి ఓడ వెళ్లిపోయాక వచ్చినవాళ్లకు మళ్లీ చలికాలం దాకా పడిగాపులే!

చేతిలో తుపాకీ లేదు, చెయ్యడానికి పని లేదు. పైన మండే ఎండ. ఇంటిమీద బెంగ. పొద్దుపోక తాగుడు, గొడవలు. ఏళ్లతరబడి మచ్చలేకుండా పనిచేసినవాళ్లు కూడా ఇల్లు చేరకుండానే జైలుపాలయ్యేవారట. భారత్‌లో పనిచేసిన సిపాయి ఫ్రాంక్ రిచర్డ్స్ 1936లో వచ్చిన 'ఓల్డ్ సోల్జర్ సాహిబ్' పుస్తకంలో ఈ సంగతులన్నీ రాశాడు. అలా మనసు చెదిరినవాణ్ని చూసి తోటివాళ్లు 'డూలాలీ తప్' పట్టుకుందనేవారు.

తప్ అంటే హిందీ, ఉర్దూల్లో జ్వరం. మనం 'తాపం' అంటామే, దానికి చుట్టమే. అంటే, ఊరిపేరు మరాఠీ గడ్డది, జ్వరం హిందుస్థానీది, రెంటినీ కలిపి పలికిన నాలుక ఇంగ్లిషుది! ఓడలతోపాటే ఆ మాటా సముద్రం దాటింది. పోనుపోను 'తప్' ఊడిపోయి 'డూలాలీ' ఒక్కటే మిగిలింది. దాంతోపాటు ఆ సిపాయిల గోడూ మరుగునపడి, నవ్వు మాత్రం నిలిచింది. 1974లో బీబీసీ ఇదే శిబిరం నేపథ్యంలో 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్' అనే హాస్య ధారావాహికను మొదలుపెట్టింది కూడా.

దేవ్‌లాలీ ఇప్పటికీ సైనికుల ఊరే. మన సైన్యం ఫిరంగిదళానికి శిక్షణనిచ్చే పాఠశాల అక్కడుంది. మన్మాడ్ మీదుగా ముంబయి వెళ్తున్నప్పుడు నాసిక్ రోడ్ దాటాక కిటికీలోంచి చూడండి. స్టేషన్ బోర్డుమీద ఆ పేరు కనిపిస్తుంది. నవ్వొస్తే నవ్వుకోండి. కానీ, రాని ఓడ కోసం రోజులు లెక్కపెట్టుకున్నవాళ్లనూ ఒక్కసారి తలుచుకోండి!