చిన్ననాడు బాగుచేసిన గుండె – పెద్దయ్యాక మరువరాని పరీక్ష

కొత్తపేటలోని మా వైద్యశాలకు పోయిన వేసవిలో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మాయికి 23 ఏళ్ళు. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషను మెట్లు ఎక్కుతుంటే కొంతకాలంగా ఆయాసం వస్తున్నదట. "గుండెకు బలమిచ్చే తెల్లమద్ది కషాయం ఏదైనా ఇవ్వండి డాక్టరుగారూ" అని తల్లి కోరింది.

పరీక్షించబోగా ఛాతీ మధ్య పాత కుట్ల మచ్చ కనిపించింది. అయిదేళ్ళ వయస్సులో, ఆరోగ్యశ్రీ పథకం మొదలైన కొత్తలో, గుండె ఆపరేషన్ జరిగిందని అప్పుడు చెప్పారు. దానితో జబ్బు పూర్తిగా పోయిందనుకొని పదేళ్ళుగా ఏ వైద్యునికీ చూపలేదు. పెళ్ళి సంబంధం చూస్తున్నారు కనుక ఈ సంగతి బయటపడరాదన్నది తల్లి ఆవేదన.

ఇటువంటి కుటుంబాలు మనలో అనేకం. ఆరోగ్యశ్రీ 2007లో ప్రారంభమైంది. ఆనాడు గుండె ఆపరేషన్ జరిగిన పసివారు నేడు యువతీయువకులు. వారందరూ తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది.

కవాటం ఎందుకు చెడుతుంది?

పుట్టుకతో వచ్చే గుండె లోపాలలో ఫాలో టెట్రాలజీ ఒకటి. 1888లో దీనిని వివరించిన ఫ్రెంచి వైద్యుని పేరే దీనికి వచ్చింది. ఇందులో రెండు జఠరికల నడుమ రంధ్రం ఉంటుంది. ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకుగా ఉంటుంది. అందుచేత బిడ్డ నీలంగా కనిపిస్తుంది. శస్త్రవైద్యులు రంధ్రాన్ని మూసి, ఇరుకును వెడల్పు చేస్తారు. ఆ వెడల్పు చేయడంలో పుపుస కవాటాన్ని కోయవలసి రావచ్చు. ప్రాణం నిలుస్తుంది; కానీ సరిగా మూసుకొనని ఆ కవాటం గుండా రక్తం వెనుకకు కారుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ భారం మోసి కుడి జఠరిక సాగిపోతుంది.

చిత్రమేమంటే చాలా కాలం ఏ బాధా తెలియదు. ఆయాసం, గుండెదడ, కాళ్ళ వాపు, స్పృహ తప్పడం కనబడేసరికి కొందరిలో గుండె కండరం కోలుకోలేనంతగా బలహీనపడుతుంది. కనుక బాధ లేకపోయినా గుండె వైద్యుని వద్దకు క్రమం తప్పక వెళ్ళి ఎకో పరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే ఎం.ఆర్.ఐ. ద్వారా జఠరిక ఎంత సాగిందో కొలుస్తారు.

కషాయం చాలునా?

తెల్లమద్ది బెరడును పాలలో కాచి హృద్రోగులకు ఇమ్మని చక్రదత్తం చెప్పింది. ఆ గ్రంథంపై నాకు అపారమైన గౌరవం. అయినా చెడిన కవాటాన్ని ఏ కషాయమూ తిరిగి మూసుకొనేలా చేయలేదు. అది తలుపు రెక్క విరిగినటువంటి లోపం, రెక్క మార్చవలసిందే.

ఈ రెండు విద్యలకూ వైరం లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో మన దేశపు తొలి కృత్రిమ గుండె కవాటాన్ని రూపొందించి, 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. ఆ కృషికి నాయకత్వం వహించిన డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్, తరువాతి కాలంలో చరక, సుశ్రుత, వాగ్భటులపై గ్రంథాలు రచించారు.

కవాటం రెండు రకాలు

లోహంతో చేసే యాంత్రిక కవాటం దీర్ఘకాలం మన్నుతుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి. గర్భిణి వార్ఫరిన్ వాడితే పిండానికి హాని కలుగవచ్చు. జంతు కణజాలంతో చేసిన కవాటానికి జీవితాంతం ఆ మాత్ర సాధారణంగా అక్కరలేదు; అయితే కొన్నేళ్ళకు అరిగిపోతుంది. పుపుస కవాటానికి ఎక్కువగా దీనినే అమరుస్తారు. కొందరికి ఛాతీ తెరవకుండా రక్తనాళం గుండా కూడా అమర్చగలరు. 2000లో ఈ పద్ధతి మొదలైంది.

ఇంటివైద్యం చేసేవారికి హెచ్చరిక

వార్ఫరిన్ వాడేవారు క్రమంగా ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయించుకోవాలి. పాలకూర, తోటకూర, మునగాకు మానవద్దు. కానీ ఒకరోజు అతిగా, మరొకరోజు అసలే లేకుండా తినరాదు. వంటలో వేసే అల్లం, వెల్లుల్లి, పసుపు ఫరవాలేదు. వాటినే మందుగా అధిక మోతాదులో గానీ, తెల్లమద్ది చూర్ణంగానీ వైద్యునికి చెప్పకుండా వాడరాదు. పిప్పిపన్నును అశ్రద్ధ చేయరాదు. పన్ను తీయించుకొనేముందు కవాటం మార్చిన సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పాలి. నోటిలోని క్రిములు రక్తంలో చేరి కవాటాన్ని పాడుచేయగలవు.

ఆ తల్లికి నేను కషాయం ఇవ్వలేదు. మెట్రోలో ఎక్కితే రైలు మారకుండానే పంజగుట్ట చేరవచ్చుననీ, నిమ్స్‌లో గుండె వైద్యులున్నారనీ చెప్పాను. పాత ఆపరేషన్ కాగితాలు వెతికి వెంట తీసుకొనిపొమ్మన్నాను. ఖర్చు సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను విచారించమన్నాను. మూడు నెలల తరువాత అమ్మాయి కొత్త కవాటంతో వచ్చి నమస్కరించింది. సంబంధం వారికి తల్లే స్వయంగా నిజం చెప్పిందట.

మీ ఇంటిలో ఛాతీపై అటువంటి మచ్చ ఉన్నవారు ఉంటే, పెట్టెలోని పాత కాగితాలు ఈ రోజే బయటకు తీయండి.